ఎస్తేరుకు అమ్మిన ప్రాసెసర్

ఆరేళ్లుగా ఈ మాట నా గొంతు దాటలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నాను.

అప్పుడు తిరుత్తణిలో ఒక కంప్యూటర్ల అంగడిలో పనిచేసేవాణ్ణి. పట్టాభిరామ్‌లో లేత్ మిషన్ మీద పనిచేసే మా ఊరి ఏసుపాదం మామ, కూతురు ఎస్తేరును వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పిల్ల యంత్రాల భాగాలను కంప్యూటర్లో గీయడం నేర్చుకుంటోంది. ఆ పనికి కంప్యూటర్లో ఎలాంటి ప్రాసెసర్ ఉండాలో కాగితం మీద రాసుకొచ్చింది. సరిగ్గానే రాసింది. కానీ మామ తెచ్చిన డబ్బుకు అది రాదు. మా దగ్గర పాత రకం ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్ ఒకటి అమ్ముడుపోకుండా పడి ఉంది. ఉత్తరాలు టైపు చేసుకోవడానికి, సినిమాలు చూడటానికి పనికొస్తుంది, అంతే. దాన్ని ఎలాగైనా వదిలించమని ఓనరు వారమంతా నన్ను సతాయిస్తున్నాడు.

మామ అడిగాడు: "రెండు నెల్లు ఆగితే పాప రాసిందే కొంటాను. ఆగేదా, ఇది చాల్తాదా? నువ్వు చెప్పినట్టే చేస్తానప్పా."

"ఇదే పోదుం మామా, చాల్తాది. ఆగేదెందుకు?" అన్నాను.

అంతటితో అయిపోయి ఉంటే, అందరూ చేసే వ్యాపారమేగా అని సర్దిచెప్పుకునేవాణ్ణేమో.

నాలుగు నెలలకు వాళ్లు మళ్లీ వచ్చారు. ఉద్యోగం ఇచ్చే ముందు ఒక కంపెనీ ఆమెను ఒక బొమ్మ గీసి సాయంత్రంలోగా పంపమందట. గీతలు ఎక్కువయ్యేకొద్దీ కంప్యూటర్ బిగుసుకుపోయింది. గడువు దాటిపోయింది. మామ ఆ పెట్టెను బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. నేను విప్పి, చూసినట్టు నటించాను. ఓనరు వెనకే నిలబడి ఉన్నాడు. ఉద్యోగం పోతుందని భయపడ్డానా? లేక నన్ను అంతగా నమ్మిన మనిషి ముందు అబద్ధాలకోరుగా నిలబడలేకపోయానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

"మిషన్ బాగానే ఉండాది మామా. పాప ఆటలూ అవీ ఎక్కించి పాడు చేసుకునింది."

"నేనేమీ ఎక్కించలేదు నాయనా," అంది ఎస్తేరు తండ్రితో. తర్వాత నా వైపు చూసింది. నేను తలెత్తకుండా స్క్రూలు బిగించాను.

మామ ఆమెను తిట్టలేదు. నాకు దండం పెట్టి, పెట్టె ఎత్తుకుని పోయాడు. నెల తిరక్కుండానే దాన్ని అమ్మేసి, కూతుర్ని ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి పెట్టాడని విన్నాను.

ఇప్పుడు తిరువళ్లూరులో నాకు సొంత అంగడి ఉంది. ఏ ప్రాసెసర్ కొనాలో తెలియనివాళ్లను మామ నా దగ్గరికే పంపుతాడు, నిజం చెప్పే మనిషినని. నిజమే చెబుతాను. ఏం పనికి అని ముందు అడుగుతాను. అక్కర్లేని పెద్దది వద్దంటాను, చాలనిది అంటగట్టను. దాంతో నా పేరు పెరుగుతోంది, పేరు పెరిగేకొద్దీ ఆ ఒక్క సంగతి చెప్పడం ఇంకా కష్టమవుతోంది. ఎస్తేరు ఎక్కే షిఫ్టు బస్సు మా అంగడి ముందే ఆగుతుంది. అది వచ్చే వేళకు నేను ఏదో పని కల్పించుకుని లోపలికి పోతాను. ఎన్నాళ్లు పోను?

ఇది తెలుగులో రాస్తున్నాను. ఎస్తేరు తమిళ బడిలో చదివింది, ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. అది తెలిసే ఈ భాషలో రాస్తున్నానా? అవును. మామ మాత్రం చదవగలడు. ఎప్పుడైనా చదివితే ఆయనకు తెలియాలనే వాళ్ల పేర్లు మార్చలేదు. నా పేరు రాసే ధైర్యం రాలేదు.

ఆ పిల్ల ఏ తప్పూ చేయలేదు. నేనే చేశాను. ఈ రెండు ముక్కలు రాయడానికి నాకు ఆరేళ్లు పట్టింది. రాశాక ఊపిరి కాస్త లోపలిదాకా పోయింది.