బియ్యప్పిండితో మా కారును బతికించిన మూర్తి అంకుల్

నిన్న పొద్దున డ్యూటీలో ఉండగా ఫోన్ వచ్చింది.

మూర్తి అంకుల్ ఇక లేరు. నిద్రలోనే వెళ్లిపోయారట.

నమ్మలేదు నేను. మొన్న ఆదివారమే కదా ఫోన్ చేసి, "ఏరా, మన పేషెంట్ ఎలా ఉంది?" అని అడిగారు!

పేషెంట్ అంటే మా కారు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. అంకుల్ ఇక్కడే, బ్రిస్బేన్ దగ్గర టూవూంబాలో డాక్టర్‌గా చేసి రిటైరయ్యారు. పాత కార్లంటే ఆయనకు ప్రాణం.

మా ఆకుపచ్చ కారు నాకన్నా పెద్దది. స్టూడెంట్‌గా వచ్చిన కొత్తలో కొన్నాను. పెళ్లయ్యాక సౌమ్యను బ్రిస్బేన్ ఎయిర్‌పోర్ట్ నుంచి తెచ్చుకున్నది అందులోనే. పాప పుట్టి ఇంటికొచ్చిందీ అందులోనే.

అలాంటిది ఉన్నట్టుండి ఆయిల్ కార్చడం మొదలుపెట్టింది.

మొదట బలైంది సుశీల ఆంటీ డ్రైవ్‌వే. ఆంటీ, అంటే అంకుల్ భార్య, రోజూ అక్కడ ముగ్గు వేస్తారు. ఉగాది భోజనానికి వెళ్లి, ఆ ముగ్గు పక్కనే ఇంత నల్ల మరక పెట్టి వచ్చాం. అప్పటి నుంచి ఆంటీ ఆర్డర్ ఒకటే: "నువ్వు లోపలికి రా నాయనా, నీ కారు మాత్రం రోడ్డు మీదే."

చూసినవాళ్లందరూ ఒకటే మాట. ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య సీల్ పోయినట్టుంది, మొత్తం దించాలి, ఇంత పాతదానికి అంత పని ఎందుకు, స్క్రాప్‌కి ఇచ్చేయండి అని.

ఇక చేసేది లేక స్క్రాప్ వాళ్లకు చెప్పేశాను. సోమవారం వచ్చి తీసుకెళ్తామన్నారు. శనివారం సౌమ్య కారులో కూర్చుని ఏడ్చింది. నేనేదో గట్టివాడినని చెప్పుకోను, నేనూ ఏడ్చాను.

ఆ అర్వో, అదే ఆ మధ్యాహ్నం, అంకుల్ దిగారు, చేతిలో టార్చితో.

"నొప్పి ఒకచోట, జబ్బు ఒకచోట ఉంటుంది రా. కింద చుక్క పడితే కిందే కారుతోందని ఎవడు చెప్పాడు?"

ముందు ఇంజన్‌ను శుభ్రంగా కడిగించారు. ఆరాక, "అమ్మా సౌమ్యా, కాస్త ఫేస్ పౌడర్ ఇవ్వు" అన్నారు. మా ఇంట్లో పౌడర్ ఎవరు వాడుతున్నారు ఈ రోజుల్లో? సౌమ్య వెతికి వెతికి బియ్యప్పిండి డబ్బా తెచ్చింది.

అంకుల్ ఒక్క క్షణం చూసి, "ఇదీ పౌడరే కదా!" అని ఇంజన్ వెనకంతా చల్లేశారు.

స్టార్ట్ చేశాం. ఇంజన్ వేడెక్కింది, పిండి వేగింది. మా పాప పరుగెత్తుకొచ్చి, "డాడ్, వై డజ్ ద కార్ స్మెల్ లైక్ జంతికలు?" అంది. అంకుల్ నవ్వి నవ్వి స్టూల్ మీద కూర్చుండిపోయారు.

కానీ తెల్లటి పిండి మీద నల్లటి గీత కనిపించింది. కింద కాదు, ఇంజన్ పైమూత వెనక మూల నుంచి! అక్కడ ఆయిల్ చెమ్మగిల్లి, వెనకనుంచి జారి కింద చుక్కగా పడుతోంది. ఆయిల్ బయటికి రాకుండా మూత కింద ఉండే కార్క్ గాస్కెట్ ఎండి పెళుసైపోయింది, అంతే.

కొత్తది వేశాం. నేను కసికొద్దీ బోల్టు బిగిస్తుంటే చెయ్యి పట్టుకున్నారు. "చాలు రా! ఇంకా బిగిస్తే మూత వంగి మళ్లీ కారుతుంది. కోపం స్పానర్ మీద చూపించకు."

స్క్రాప్ వాళ్లకు వద్దని చెప్పేశాను.

ఆంటీ మాత్రం నమ్మలేదు. "మీ ఇద్దరినీ నమ్మి నా డ్రైవ్‌వే ఇవ్వను" అనేవారు. అంకుల్ నా చెవిలో, "మీ ఆంటీ లోపల పెట్టనిస్తేనే రా నాకు సర్టిఫికెట్" అనేవారు. ఆ సర్టిఫికెట్ కోసం చివరిదాకా ఎదురుచూశారు.

నిన్న సాయంత్రం ఆ కారులోనే వెళ్లాం. అలవాటు కొద్దీ రోడ్డు మీద ఆపాను.

ఆంటీ బయటికి వచ్చారు. "అక్కడెందుకు నాయనా? లోపల పెట్టు. మీ అంకుల్ బాగుచేశారుగా."

ముగ్గు లేని డ్రైవ్‌వే మీద పెట్టాను. రాత్రి ఆంటీకి తోడుగా అక్కడే ఉన్నాం.

ఇందాక కారు వెనక్కి తీసి, దిగి చూశాను.

ఒక్క చుక్క లేదు అంకుల్.

మీకు ఎంతో రుణపడి ఉన్నాం. సర్టిఫికెట్ వచ్చేసింది. ఇక హాయిగా, ప్రశాంతంగా నిద్రపోండి.

పేషెంట్‌ను నేను చూసుకుంటాను.