మా ప్రసన్నకు వద్దన్న సూదిమందు

ఆ రోజు పొద్దున మా అమ్మ పిల్లకు నీళ్లు పోయడానికి కాళ్ల మీద పడుకోబెట్టుకుని, చెయ్యి ఆపేసింది. తొడ మీద నేరేడుపండు రంగులో మచ్చ. ముక్కు తుడిస్తే గుడ్డకు కాస్త రక్తం అంటింది.

"నేను గట్టిగా రుద్దలేదే అమ్మాయ్" అంది అమ్మ భయంగా.

నేను పురిటికి దెందులూరులో పుట్టింట్లో ఉన్నాను. కాన్పు ఏలూరు ఆసుపత్రిలో అయింది. ప్రసన్నకు అప్పటికి నెల నిండింది. పాలు బాగా తాగేది, నవ్వేది. పక్కింటావిడ వచ్చి చూసి దిష్టి అంది. ఉప్పు తిప్పి పోశారు.

మర్నాడు తాగిన పాలన్నీ కక్కేసింది. ఏడుపు సన్నగా, పిల్లి కూనలా వస్తోంది. ఎత్తుకుంటే తల వాల్చేసింది. మాడు మీద చెయ్యి వేశాను. మెత్తగా ఉండాల్సిన చోటు పైకి పొంగి గట్టిగా ఉంది. ఇంక ఎవరి మాటా వినలేదు. ఆటో ఎక్కి ఏలూరు పోయాం. అత్తారి ఊరు మండవల్లి నుంచి మా ఆయన, మావయ్యగారు కూడా అక్కడికే వచ్చారు.

పిల్లల డాక్టరమ్మ చూడగానే అడిగిన మొదటి మాట, "పుట్టినప్పుడు విటమిన్ కె ఇంజెక్షన్ చేయించారా?"

"టీకాలు వేశారండీ" అన్నాను.

"ఇది టీకా కాదమ్మా. పుట్టగానే తొడకు చేస్తారు."

మా ఆయన వాళ్ల నాన్న వంక చూశారు. మావయ్యగారు భుజం మీద తువ్వాలు సర్దుకున్నారు.

"నర్సమ్మ బయటికొచ్చి అడిగిందండి. నేనే వద్దన్నాను. మాకు చేపల చెరువులున్నాయండి. దూరం నుంచి తెచ్చిన చేపపిల్లని చెరువులో వదిలిన రోజు మందు చల్లం. అలిసిపోయి వస్తుంది గదా, తట్టుకోదు. ఇదీ అప్పుడే పుట్టిన పిల్ల గదా అని..."

"చేపల సంగతి మీకు తెలుసు, ఒప్పుకుంటాను" అంది డాక్టరమ్మ, పిల్ల కాలు పట్టుకుని ఆ ఇంజెక్షన్ ఇప్పుడు చేస్తూనే. "మరి పిల్లల సంగతి మమ్మల్ని అడగాలి కదండీ?"

నాకు ఆ మాట అప్పుడే తెలిసింది. కన్నది నేను. లోపల బల్ల మీద తెలివిలోనే ఉన్నాను. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

రక్తం గడ్డకట్టడానికి ఆ విటమిన్ కావాలని, పుట్టిన పిల్లల ఒంట్లో అది బాగా తక్కువ ఉంటుందని, తల్లిపాలలోనూ తక్కువేనని డాక్టరమ్మ చెప్పింది. "తలలో బ్లీడింగ్ అయిందేమోనని అనుమానం. వెంటనే విజయవాడ తీసుకెళ్లండి" అంది. అక్కడ సీటీ స్కాన్ తీశారు. అనుమానం నిజమే. ప్లాస్మా ఎక్కించారు. రక్తం గడ్డకట్టే తీరు చూసే పి.టి. టెస్ట్ చేసి, ఇప్పుడు సరిగ్గా గడ్డకడుతోందన్నారు. హమ్మయ్య అనుకుని ఇంత అన్నం తిన్నాను. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఫిట్స్ వచ్చి పిల్ల బిగుసుకుపోతోంది. వెంటనే ఐసియు. అద్దంలోంచి చూడటమే. బతుకుతుందా అంటే, "చూద్దామమ్మా" అనేవారు పెద్ద డాక్టరు గారు. అంతకు మించి ఒక్క మాట రాల్చేవారు కాదు.

అత్తయ్యగారు చూడటానికి వచ్చి వరండాలో కూర్చుని అందుకున్నారు. "పథ్యం సరిగ్గా చేసుంటే పాలు విరిగేవి కాదు. ఆ గోంగూర ఎవరు తినమన్నారు? ఇకనన్నా డబ్బా పాలు పట్టండి."

పెళ్లయ్యాక ఆవిడకు నేను ఎదురు చెప్పింది అదే మొదలు. "అత్తయ్యగారూ, గోంగూరనూ నా పాలనూ ఏమీ అనకండి. పాలు మానొద్దని పెద్ద డాక్టరు గారే చెప్పారు. చేయించాల్సిన సూదిమందు చేయించలేదు. జరిగింది అది."

వరండాలో అందరూ విన్నారు. విననివ్వండి అనుకున్నాను.

ప్రసన్న బతికింది. కానీ కుడి చెయ్యి పిడికిలి విప్పేది కాదు. ఫిజియోథెరపీకి పిల్లను చంకనేసుకుని ఏలూరు బస్సులో తిరిగాను. ఒకసారి పక్క సీటులో పెద్దావిడ, "అయ్యో, ఏ జన్మలో పాపమో" అంది.

"జన్మా కాదు, పాపమూ కాదండీ. సూదిమందు వద్దన్నారు. మీ ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉన్నారా?"

"మా కోడలికి ఏడో నెల."

"అయితే దిగేలోపు ఆ మందు పేరు నేర్చుకోండి" అని దిగేదాకా వల్లె వేయించాను.

మా వాళ్లకు ఇది నచ్చలేదు. "ఆడపిల్ల. తలలో రక్తం అదీ ఇదీ అని ఊరంతా చెప్పుకుంటే రేపు ఎవరు చేసుకుంటారే?" అన్నారు. దాచుకుంటే ఇంకో ఇంట్లో ఇంకో పిల్ల పోతుంది. నేను దాచను అన్నాను.

కొన్నేళ్లకు మళ్లీ నీళ్లాడే వేళ వచ్చింది. కాన్పు గదిలోకి వెళ్తూ గుమ్మంలో ఆగి, అందరి ముందూ నర్సమ్మకు చెప్పాను. "విటమిన్ కె చెయ్యండి. బయట ఎవరు వద్దన్నా వినకండి. తల్లిని నేను."

బాబు పుట్టాడు. మావయ్యగారు లోపలికి వచ్చి, సిరంజి చూసి నసిగారు. "ఏవమ్మా, ఇంకా కళ్లన్నా తెరవలేదు. రేపు చేయిద్దామా?"

"మావయ్యగారూ, మీరంటే నాకు గౌరవం. ఈ మాట మాత్రం నాది. ఇప్పుడే చేస్తారు."

నర్సమ్మ ఆయనకేసి చూసి, "ఊరికే నిలబడితే ఎలా తాతగారూ? కాలు కదలకుండా పట్టుకోండి" అంది. పట్టుకున్నారు. బాబు ఒక్క కేక పెట్టి, నా రొమ్ము అందగానే ఊరుకున్నాడు. ఆయన మాత్రం పట్టుకున్న కాలు ఇంకా వదల్లేదు.

ఇప్పుడు ప్రసన్న బడికి పోతోంది. కుడి చెయ్యి కాస్త నెమ్మది. ఎడం చేత్తో రాస్తుంది, అదే చేత్తో తమ్ముడి వీపు వాయగొడుతుంది. వాడు ఏడుస్తూ వస్తే కోప్పడదామనుకుంటాను, ఎందుకో నోరు రాదు.

కడుపుతో ఉన్న అమ్మలకు ఒక్కటే చెబుతాను. నొప్పులు మొదలవక ముందే మీ డాక్టరుకు మీ నోటితో చెప్పండి, "నా బిడ్డకు పుట్టగానే విటమిన్ కె చెయ్యండి" అని. బిడ్డను మీ పక్కన పడుకోబెట్టగానే, "చేశారా?" అని అడగండి. చేశాం అనే మాట మీ చెవిన పడేదాకా అడుగుతూనే ఉండండి.