పిడుగు పిడికిలికి అవ్వ కుదిర్చిన సంబంధం

ఆ రోజుల్లో లోకాన్ని కాపాడడానికి ఇద్దరు మనుషులు సరిపోయేవారు. ఒకడు పిడుగు పిడికిలి, గోడల్ని గుద్ది పడగొట్టేవాడు. రెండోవాడు డేగరెక్క, ఎగిరేవాడు. ఎవరి బొమ్మల పుస్తకం వారిది, ఎవరి దొంగలు వారికి. మా చిన్నమామ పట్నం నుంచి వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి తెచ్చేవాడు. ఒకసారి ఇద్దరూ ఒకే అట్ట మీద కనబడేసరికి నాకు అన్నం సహించలేదు. తీరా చూస్తే అది సగం కథే. ఇద్దరూ వంతెన మీద ఎదురుపడి, ఒకరినొకరు దొంగ అనుకుని పిడికిళ్లు ఎత్తగానే 'మిగతా కథ డేగరెక్క పుస్తకంలో' అని వేశారు. ఆ పుస్తకం మామ ఇవ్వనే లేదు. (ఆయనకు అన్నీ ఒకే పుస్తకంలా కనబడేవి.)

సరిగ్గా అప్పుడే మా అవ్వకు పాలమూరు దవాఖానలో కండ్ల ఆపరేషన్ అయింది. అప్పట్లో రెండు కళ్లకూ కట్టు కట్టి, తలకు అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి, ఐదు రోజులు కదలకుండా పడుకోబెట్టేవారు. "తల లేపితే చూపు పోతది" అని డాక్టరు మా బాపుకు చెప్పి పోయాడు. అవ్వ కదలకుండా ఉండడం మా ఇంట్లో ఎవరూ చూసి ఎరుగరు. ఇంటి దగ్గరి మేకలు గుర్తుకొచ్చినప్పుడల్లా లేవబోయేది. బాపు మందులకు, తిండికి తిరగాలి కనుక కాపలా నా మీద పడింది. పన్నెండేళ్లదాన్ని, నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే. సంచిలోంచి పుస్తకాలు తీసి చదవడం మొదలుపెట్టాను.

పాత కథలతో రెండు రోజులు గడిచాయి. అవ్వ కదలకుండా వింది. మూడో రోజు వంతెన దగ్గరికి వచ్చాం. ఇద్దరూ పిడికిళ్లెత్తారని చెప్పగానే ఇసుక సంచుల మధ్య నుంచి అవ్వ తల లేవబోయింది.

"ఎందుకు కొట్టుకుంటున్నరే? మొదలు ఏ ఊరు, ఎవల బిడ్డవని అడగాలె గద. గంత తెల్వదా ఆళ్లకు?"

"అడుగుతున్నరు అవ్వా, జర పండుకో" అన్నాను, రెండు చేతులతో ఆమె తల పట్టుకుని. అడిగించక తప్పలేదు. ఒకడిది నార్కట్‌పల్లి అయింది, ఇంకొకడిది భువనగిరి. అవ్వ తల దిండుకు ఆనించి ఇంటిపేర్లు అడిగింది. అక్కడి నుంచి మేనత్తలకు వెళ్లింది. మధ్యాహ్నానికల్లా పిడుగు పిడికిలి తల్లి, డేగరెక్క తండ్రి అక్కాతమ్ముళ్లని (నా ప్రమేయం పెద్దగా లేకుండానే) తేలిపోయింది.

"అయితే బావబామ్మర్దులే" అంది అవ్వ తృప్తిగా. "డేగరెక్కకు చెల్లెలున్నదా?"

ఉందన్నాను. లేదంటే లేచి కూర్చునేలా ఉంది. ఇక మిగతా రోజులు లోకాన్ని దొంగలకు వదిలేసి మేమిద్దరం పెళ్లి పనుల్లో పడ్డాం. విందుకు యాటలెన్ని కోయాలో కూడా అవ్వే చెప్పింది.

కట్టు విప్పిన రోజు అవ్వ ముందు నా మొహం చూసి, "బక్కగైనవేందే" అంది. నాకు ఏడుపొచ్చింది. తర్వాత పెళ్లికొడుకును చూపించమంది. భయం భయంగా అట్ట చూపించాను. ఇద్దరి కళ్లకూ ముసుగులున్న సంగతి నేను దాచిపెట్టాను మరి. (ముఖానికి గుడ్డ కట్టినవాడికి మా వైపు పిల్లనెవరిస్తారు?) మసక చూపుతో అవ్వ పుస్తకాన్ని దూరంగా, దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"అయ్యో బిడ్డా, ఈళ్లకు గూడ కండ్ల ఆపరేషనేనా?"

మొన్న మామ పాత ట్రంకు పెట్టెను నేను సర్దుతుంటే ఆ డేగరెక్క పుస్తకం దొరికింది. పాపం తెచ్చాడు, ఇవ్వడం మరిచాడు. కళ్లజోడు పెట్టుకుని ఆత్రంగా చదివాను. పన్నెండు పేజీలు కొట్టుకున్నారు, రెండు పేజీల్లో అసలు దొంగను పట్టారు, చేతులు కలిపి ఎవరి దారిన వారు వెళ్లిపోయారు. ఒక్కడంటే ఒక్కడు ఏ ఊరని అడగలేదు. అవ్వ మీద ఒక్కసారిగా బెంగ పుట్టుకొచ్చింది. ఇప్పుడు నాదీ అప్పటి ఆమె వయసే. చివరి బొమ్మలో వెనుదిరిగి పోతున్న ఆ ఇద్దరినీ చూస్తూ, గదిలో ఎవరూ లేరు కదా అని చూసుకుని, "ఆగుండ్రి బిడ్డా, ఎవల పిల్లలు మీరు?" అని అడిగాను.