అత్తయ్య కలిపిన కంటిమందు

మొన్న మా మనవడికి పొద్దుగుంకాక చూపు ఆనడం లేదని డాక్టరుగారు ఒక సీసా ఇచ్చారు. మా కోడలు దాన్ని తెచ్చి, ఏ దాపరికమూ లేకుండా నేతిగిన్నె పక్కనే పెట్టింది. చేపనూనెట. సీమ నుంచి ఓడలో వచ్చిందట. చేతికొచ్చిన సరుకును వాసన చూడకుండా కింద పెట్టని వంశం మాది కనక బిరడా తీశాను. తీయగానే అల్లం, పాతబెల్లం, ఇంగువ రుచులు వరసగా వచ్చి నాలుక మీద కూర్చున్నాయి. ఆ సీసాలో అవేవీ లేవు. అవి దాదాపు నలభై ఏళ్ల కిందటివి.

అప్పట్లో పిఠాపురంలో మా నాన్నగారికి చింతపండు, మిరపకాయల కొట్టుండేది. నాకు మీసాలు వచ్చాయి, బేరాలు వచ్చాయి, బుద్ధి మాత్రం ఇంకా దారిలో ఉంది. ఇంగువలో కల్తీని కళ్ళు మూసుకుని ముక్కుతో పట్టేవాణ్ణని ఊళ్ళో పేరు. ఆ ఏడు కామెర్లు వచ్చి, పథ్యం పేరుతో నెలల తరబడి చారన్నమే తిన్నాను. కామెర్లు తగ్గాయిగానీ దీపాలవేళకు లోకం మాయమయ్యేది. కొట్టుకు అసలు బేరాలు ఆ వేళప్పుడే. దసరా నాటికి చూపు కుదురుకోకపోతే కొట్లో పీట మీద మా బావని కూర్చోబెడతానని నాన్నగారు తేల్చేశారు. బావ మంచివాడే. బేరమంటే సిగ్గుపడేవాడు, అంతకంటే కొట్టుకు ఏం కావాలి మునగడానికి?

ఉప్పాడ నుంచి చేపలు తెచ్చే ఒకావిడ మా దగ్గరే సరుకులు కొనేది. గంప మా గుమ్మం ముందు దించకూడదు. వీధికి అవతల దించి, ఇవతలికి వచ్చి, మెట్టు కింద నిలబడి బేరమాడేది. ఒక సాయంత్రం నేను మిరపకాయలు తక్కెట్లో వేస్తున్నాననుకుని నేల మీద పోశాను.

“రేచీకటండీ, శెట్టిగారూ! సొరచేప కార్జం కరిగించిన నూనె మాకాడుంది. మా పిల్లలకి అదే పోత్తాం. నాలుగు చుక్కలు తాగండి, పిల్లికళ్ళొచ్చేత్తాయి,” అంది.

ఆవిడ నన్ను తాకకపోయినా లేచి చేతులు కడుక్కున్నాను. “కళ్ళు పోతే పోనీ, అది నా నోట్లోకి రాదు!” అన్నాను, ఎదుటి కొట్లవాళ్ళు కూడా మెచ్చుకునేంత గట్టిగా.

అమ్మ పోయాక నన్ను పెంచింది మా మేనత్త. చిన్నప్పుడే భర్త పోయి మా ఇంటికి వచ్చేసింది. మడి తప్పదు, ఉల్లిపాయ ముట్టదు. నేను దేవుడితోనైనా బేరమాడేవాణ్ణిగానీ ఆవిడతో ఎన్నడూ ఆడలేదు. ఆవిడే నాకు రోజూ పొన్నగంటికూర, మునగాకు, అవిసాకు మార్చి మార్చి వండి పెట్టింది. వాటితోపాటు సాయంత్రంపూట ఉద్ధరిణెడు మందు.

“ఏంటత్తా ఇది? వాసన తేడాగా ఉంది.”

“పొన్నగంటి పసరురా. అల్లం, బెల్లం, ఇంగువ వేశాను. ముక్కు మూసుకుని మింగు.”

“నిజంగా?”

“నీ కళ్ళ మీద ఒట్టు.”

మింగాను. దసరాకి పీట మీద నేనే ఉన్నాను. అక్కడితో ఊరుకున్నానా! కొనడానికి వచ్చిన ప్రతివాడికీ పొన్నగంటి మహిమ చెప్పి, అది విన్నాకే సరుకు తూచేవాణ్ణి. బావ ఎందుకో తల వంచుకుని దగ్గేవాడు.

సంక్రాంతి దాటాక ఒక మునిమాపువేళ ఉప్పాడ ఆవిడకి చింతపండు తూస్తూ, ముల్లు వెంట్రుకవాసి మొగ్గిందని ఒక్క పిక్క తీసేశాను. ఆవిడకి ఒళ్ళు మండింది. “ఇదేం న్యాయమండీ శెట్టిగారూ! మా నూనె తాగి తెచ్చుకున్న కళ్ళతో మా తూకమే కోసేత్తారేంటండీ?”

కొట్లో ఉన్నవాళ్ళందరూ గొల్లున నవ్వారు. ఆశ్చర్యపడ్డవాడు ఒక్కడూ లేడు. నాన్నగారు పైకప్పు వాసాలు చూడసాగారు.

పెరట్లోకి వెళ్ళాను. అత్తయ్య తడిచీర ఆరేస్తోంది.

“నా కళ్ళ మీద ఒట్టేసి అబద్ధమాడావా?”

“ఒట్టు తప్పితే పోవాల్సిన కళ్ళు వచ్చాయిగదరా. దేవుడికి లేని కోపం నీకెందుకు?”

“నాకు చెప్పకుండా ఎందుకిచ్చావు?”

“చెబితే తాగేవాడివా?”

“తాగేవాణ్ణి కాదు.”

“అందుకే చెప్పలేదు,” అని చీర అంచు సరిచేసింది. “నువ్వు మింగడం నీకు కనపడింది. చేత్తో కలపడం, ఆనక నూతి దగ్గర తలారా నీళ్ళు పోసుకుని మళ్ళీ మడి కట్టుకోవడం నాకు తెలుసు.”

చేప కడుపులోకి వెళ్ళిందని కాదు నా బాధ. నాన్నగారికి తెలుసు, బావకి తెలుసు, వీధివీధికీ తెలుసు. నా కళ్ళ గురించి నన్ను తప్ప అందరినీ అడిగారు. లోకంలో నేను బేరమాడకుండా పుచ్చుకున్నది ఆవిడ మాటొక్కటే, కల్తీ అందులోనే కలిసింది.

ఆ తరవాత ఆవిడ పెట్టిన ముద్ద ఏదైనా సరే, వాసన చూడకుండా నోట్లో పెట్టుకోలేకపోయాను. ఆవిడ చూసేది. “అయిందా చూడ్డం? ఇక తిను,” అని విస్తరిని నా వైపు జరిపేది. తప్పు చేశానని ఒక్కనాడూ అనలేదు. నేను క్షమించానని ఒక్కనాడూ అనలేదు. అలాగే వెళ్ళిపోయింది. మొండి సరుకైనా ఏళ్లు గడిస్తే కాలం కాస్త ధర తగ్గించి ఇస్తుంది. ఆ ఒక్క అబద్ధానికి మాత్రం, ఎన్నిసార్లు వెళ్ళి అడిగినా, ఆనాటి ధరే చెబుతోంది.