అవతలి గట్టు సైగలు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ధైర్యం ఎక్కువై కాదు, బొద్దింకను చూస్తేనే మంచం ఎక్కే మనిషిని నేను. ఆలోచిస్తే అందులో నాకు న్యాయం కనిపించలేదు, అంతే. దయ్యం అంత దూరం నుంచి కష్టపడి వస్తే, చెప్పింది అర్థం చేసుకునే మనిషిని చూసుకుని రావాలి కదా? నేనేమో ఏడో తరగతిలో హెడ్మాస్టరు వెనక నిలబడి ఆయన నడకను చేసి చూపిస్తుంటే, ఆయన వెనక్కి తిరిగి చూసిన రోజుతో చదువు ముగించినవాణ్ణి. నా దగ్గరికి వచ్చి దానికేం లాభం?

ఈ లెక్కతోనే ఇన్నేళ్లూ హాయిగా నిద్రపోయాను.

మాది రాజపాళయం. తళవాయిపురం దారిలో షేర్ ఆటో నడుపుతాను. ఎదుటి మనిషిని అనుకరించడం ఒక్కటే నాకు వచ్చిన విద్య. ఎక్కిన మనిషి దిగేలోపు వాడి చేతులు ఊపే తీరు, మెడ గోక్కునే తీరు నాకు వచ్చేస్తాయి. వాడు దిగిపోగానే మిగిలినవాళ్లకు చేసి చూపిస్తాను. అర్థం ఏమిటని అడిగితే చెప్పలేను. చేయమంటే మాత్రం అచ్చు దించేస్తాను.

నాకు ఒక్కతే అక్క. ఆమె కూతురు మారీశ్వరినే నేను పెళ్లి చేసుకున్నాను, మా వాళ్లలో అది మామూలే. కాబట్టి అక్కే నాకు అత్త. మారీశ్వరి నన్ను మామా అంటుంది, అక్క ఏరా అంటుంది. అల్లుడికి చేసే మర్యాద ఎలా ఉంటుందో నేను ఇతరుల ఇళ్లలో చూసి తెలుసుకోవాల్సిందే.

అక్క, బావ ఇద్దరూ స్పిన్నింగ్ మిల్లులో పనిచేసినవాళ్లు. బావ పోయిన ఏడాది నిద్రలోనే పోయాడు. అక్క పెద్దగా ఏడవలేదు. పొద్దున తింటుంది, మధ్యాహ్నం తింటుంది. రాత్రి మాత్రం పళ్లెం ముందు కూర్చోదు. అడిగితే ఆకలి లేదంటుంది. ఆమెకు చక్కెర వ్యాధి. మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో పడుకుని, ఒక తెల్లవారుజామున స్నానాల గది దగ్గర పడిపోయింది. ఇంకొకసారి ఎంత పిలిచినా లేవలేదు, నోట్లో చక్కెర నీళ్లు పోస్తే కళ్లు తెరిచింది. ఇలాగే చేస్తే ఒకరోజు చక్కెర నీళ్లకు కూడా లేవదు అని డాక్టరు మా ముందే చెప్పాడు. సాయంత్రం నడిపించండి, ఆకలి పుడుతుంది అని కూడా అన్నాడు.

మారీశ్వరి ఆ పని నాకు అప్పగించింది. నవ్వించడానికి తప్ప నేను దేనికీ పనికిరానని ఆమె అభిప్రాయం.

అలా రోజూ చీకటి పడేలోపు అక్కను ఆటోలో ఎక్కించుకుని చోళపురం దారిలో ఉన్న కన్మాయికి తీసుకెళ్లేవాణ్ణి. చెరువును మేం కన్మాయి అంటాం. గట్టు మీద మట్టి దారి, ఒక పక్క తుమ్మచెట్లు, ఒక పక్క నీళ్లు, పడమర కొండలు. కార్తీక మాసం వానలకు ఆ ఏడు కన్మాయి అంచులదాకా నిండింది. అక్కకు కళ్లలో పొర, ఆపరేషన్ ఇంకా కాలేదు. పది అడుగుల అవతల ఏముందో ఆమెకు అంతా పొగే. అందుకని కనిపించిందల్లా నేను చేసి చూపించేవాణ్ణి. నీళ్లలో కొంగ నడుస్తుంటే నేనూ పంచె ఎత్తి పట్టుకుని అలాగే నడిచేవాణ్ణి.

"ఇది కొంగ కాదురా, ఓట్లు అడగను వచ్చే కౌన్సిలర్," అనేది అక్క.

నవ్వేది. కానీ ఇంటికి వెళ్లాక మళ్లీ అదే మాట. "ఆకలి లేదు, మీరు తినండి."

ఒక సాయంత్రం మబ్బు పట్టి ఉంది, కానీ వెలుతురు ఇంకా బాగానే ఉంది. గట్టు మలుపు దగ్గర నిలబడ్డాం. అక్కడ కన్మాయి సన్నబడుతుంది, అవతలి గట్టు మరీ దూరం కాదు. అవతల తూము అరుగు మీద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. వెనక నుంచి వెలుగు పడుతోంది, ముఖం తెలియలేదు. మా వైపు తిరిగి చేతులతో ఏదో చేస్తున్నాడు. చేపల కోసం వచ్చి, అటు రావద్దని చెబుతున్నాడేమో అనుకున్నాను. చేసిందే మళ్లీ మళ్లీ చేస్తున్నాడు.

నాకు అంతకంటే ఏం కావాలి?

"అక్కా, అవతల ఒక పిచ్చోడు నిలబడినాడు. ఏం చేస్తా ఉండాడో చూడు," అని చేసి చూపించాను. రెండు వేళ్లతో ఎడమ భుజం మీద తట్టాను. బొటనవేలు, చూపుడువేలు కలిపి గాల్లో చీమను నలిపినట్టు నలిపాను. అరచేయి వెల్లకిలా తిప్పి కడుపు దగ్గర ఆడించాను. చివరికి చెవి తమ్మె పట్టుకుని రెండుసార్లు లాగాను.

అక్క నవ్వలేదు.

"ఇంకోసారి చెయ్యి," అంది.

చేశాను.

"ఏ చెవి లాగినాడు?"

"ఎడమ చెవి. ఏంటికి?"

అక్క అక్కడే గట్టు మీద కూర్చుంది. కాసేపటికి, "ఇంకా ఉండాడా?" అని అడిగింది. తల తిప్పి చూశాను. అరుగు దగ్గర ఎవరూ లేరు. అటు వైపు దాక్కోవడానికి చెట్టూ లేదు, గుడిసె కూడా లేదు, గట్టు ఈ చివర నుంచి ఆ చివరకు కనిపిస్తూనే ఉంది.

ఇంట్లో కాలు పెట్టగానే అక్క మారీశ్వరిని పిలిచి, "రెండు దోసెలు పోయవే," అంది. మారీశ్వరి నా ముఖం చూసింది, నేను ఆమె ముఖం చూశాను. అక్క రెండు తిని మూడోది అడిగింది. చేయి కడుక్కుని వచ్చాక చెప్పింది.

మిల్లులో నూలు వడికే ఫ్రేములు తిరుగుతుంటే పక్క మనిషి అరిచినా వినిపించదు. అందుకని లోపల మాటలన్నీ చేతులతోనే. ఒక్కొక్కరికీ ఒక్కో సైగ పేరు ఉంటుందట. సూపర్‌వైజరుకు పొట్ట, మేస్త్రీకి మీసం. తర్వాతి షిఫ్టు మనిషి రాకపోతే బావను ఆపేసేవాళ్లు. అప్పుడు ఆయన ఫ్రేముల వరుస అవతల నుంచి అక్కకు సైగ చేసేవాడు. భుజం మీద రెండు వేళ్లంటే డబుల్ షిఫ్టు. వేళ్లు నలిపితే తెగిన పోగులు అతికే పని ఇంకా ఉంది, రావడం ఆలస్యమవుతుంది అని. కడుపు దగ్గర అరచేయి అంటే నువ్వు తినెయ్, నాకోసం కాచుకోవద్దు అని.

"మరి చెవి?" అన్నాను.

పెళ్లైన కొత్తలో అక్క పెద్ద రాళ్ల కమ్మలు పెట్టుకుని మిల్లుకు వెళ్లేదట. అందుకని బావ ఒక్కడే ఆమెను అలా ఎడమ చెవి లాగి పిలిచేవాడు. మిగిలినవాళ్లు ఆమె నడకను చూపించేవాళ్లు.

"ఆయన తినమని చెప్పి చెప్పి అలిసినాడు, నేను ఒక్క రాత్రి కూడా వినలేదు. ఎంత రాత్రైనా కాచుకునే ఉంటి," అంది అక్క. ఆకలి లేకపోవడం అంటే ఏమిటో మాకు అప్పుడు తెలిసింది.

మారీశ్వరి నన్ను పక్కకు లాక్కెళ్లింది. "నిజం చెప్పు మామా. అమ్మ చేత తినిపించేదానికి నువ్వే కట్టిన కథ కదా ఇది?"

జీవితమంతా ఆటలు పట్టించేవాడికి వచ్చే కష్టం ఇదే. నా పిల్లల మీద ఒట్టు పెట్టినా ఆమె సగమే నమ్మింది. "అట్లంటే చిన్నప్పుడు నాయన చేస్తా ఉంటే చూసింటావు," అంది. అదీ ఆలోచించాను. మిల్లు లోపలికి నేను ఎప్పుడూ వెళ్లలేదు. ఇంట్లో బావ సైగలు చేసే మనిషి కాదు. మిల్లు చప్పుడుకు చెవులు మందగించి, ఉప్పు అందించమన్నా వీధికంతా వినిపించేలా అరిచేవాడు. అయినా ఎప్పుడో చూసి మరిచిపోయానేమో, కాదని ప్రమాణం చేయలేను.

మర్నాడు పొద్దున ఆటో వేసుకుని అవతలి గట్టుకు వెళ్లాను. తూము కనిపించింది, అరుగు కనిపించలేదు. నీళ్లలో మునిగి ఉంది. కర్ర దించి చూస్తే నా ఛాతీ లోతు. చేపలు పట్టే పెద్దాయనను అడిగితే, వానలు మొదలైనప్పటి నుంచీ అరుగు అలాగే ఉందన్నాడు. ఆ సాయంత్రం ఎవరూ పడవ దించలేదని కూడా చెప్పాడు. మరి నేను చూసిన మనిషి దేని మీద నిలబడ్డాడు? పొడుగు కొంగను చూసి మనిషి అనుకున్నానని సరిపెట్టుకోవడానికి చాలా ప్రయత్నించాను. కొంగ తువ్వాలు చుట్టుకోదు, చెవి లాక్కోదు.

ఎన్నిసార్లు తిప్పి తిప్పి ఆలోచించినా నాకు ఇప్పటికీ తెగలేదు. చూసింది చెప్పాను, అంతవరకే నా పని.

అక్క ఇప్పుడు రాత్రిపూట తింటోంది. కళ్ల ఆపరేషన్ కూడా అయింది. గట్టు మీద ఆమే ముందు, నేను వెనక. మలుపు దగ్గరికి రాగానే చేయి కళ్లకు అడ్డం పెట్టుకుని అవతలికి చూస్తుంది. నీళ్లు కొంచెం తగ్గాయి, అరుగు పైకి తేలింది. దాని మీద కొంగలు తప్ప మరేమీ లేవు. ఒకరోజు చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయింది. నాకు అది బాగా అనిపించలేదు. నవ్విద్దామని ఒక మాట వేశాను.

"చూసినావా అక్కా, బావకు నీకన్నా నా మీదే ప్రేమ. అందుకే నీకు కనపడకుండా నాకు కనపడినాడు."

అక్క అవతలి గట్టు మీది చూపు తిప్పకుండానే అంది:

"నాకు కనపడింటే, నీళ్లని కూడా చూడకుండా ఆయన దగ్గరికే నడిచి పోయింటానురా. అది ఆయనకు తెలీదా? తెలివైనోణ్ణి పంపింటే నడుమ రెండు మాటలు సొంతంగా చేర్చింటాడు. నీకైతే ఒక్క ముక్క అర్థం కాదు, ఇచ్చింది ఇచ్చినట్టే తెచ్చిస్తావు."