ఒడికట్టు కింద మానని పుండు

2023, పత్తి తీతల కాలం. సత్తెనపల్లి దగ్గరి ఒక పల్లె ఉపకేంద్రంలో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్‌గా నాకది మొదటి ఏడాది. రోగిని ముందుగా చూసి, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపే నర్సు ఉద్యోగం అది. చర్మ క్యాన్సర్ అనగానే ఎండ, తెల్లటి చర్మం గురించే మేము చదువుకున్నాం. మన దేశంలో అది మిగతా క్యాన్సర్లంత ఎక్కువ కాదు. అందుకే దాని కోసం ఎవరూ వెతకరు. వెతకకపోతే లేనట్టేనా అన్నది నా సందేహం.

కూలీల ముఠాకు మేస్త్రి అయిన ఎస్తేరమ్మ గారు బీపీ మాత్రల కోసం వచ్చారు. కూర్చున్నంతసేపూ ఆమె చెయ్యి నడుము కుడిపక్కనే ఉంది.

“అక్కడ నొప్పాండీ?”

“నొప్పీ లేదు, గిప్పీ లేదు. గీరుకుపోయింది. మిరపకాయల చేతులు తగిలి మానట్లేదంతే.”

“ఎన్నాళ్ళయింది?”

“మా మనవరాలు పుట్టకముందు నుంచీ.”

“మనవరాలు ఇప్పుడేం చేస్తోంది?”

“బడికెళ్తోందమ్మా!”

తెర వెనక్కి తీసుకెళ్ళి చూశాను. లంగా బొందు ఒరుసుకునే చోట చర్మం నల్లగా మొద్దుబారి ఉంది. దాని మధ్య, అంచులు గట్టిగా పైకి లేచిన పుండు. పత్తి తీసేటప్పుడు ఒడి ఎలా కడతారో చూపించమన్నాను. ఆమె చీర కుచ్చిళ్ళ మీద గుడ్డను సంచిలా మడిచి, బొందులోకి దోపి, గట్టిగా బిగించారు.

“పత్తి నిండేకొద్దీ జారకుండా బిగిస్తాం. ఎంత బిగిస్తే అంత పనిమంతురాలనేది మా అత్త.”

పత్తి నిండితే ఆ ఒడి బరువంతా సరిగ్గా ఆ పుండు మీదే పడుతుంది. ఒకేచోట ఏళ్ళ తరబడి ఒరిపిడి తగిలితే, మానని పుండు క్యాన్సర్‌గా మారవచ్చు. గుంటూరు పెద్దాసుపత్రిలో బయాప్సీ చేయించాలని, అంటే చిన్న ముక్క తీసి పరీక్షించాలని చెప్పాను.

“ఇప్పుడా? నేను గుంటూరులో కూర్చుంటే ముఠాని ఇంకో మేస్త్రి ఎగరేసుకుపోడూ?”

కాలేజీ డిబేట్లలో నేర్చుకున్న క్రమంలో కారణాలన్నీ ఒకదాని వెంట ఒకటి వినిపించాను. ఆమె శ్రద్ధగా విని లేచారు.

“బాగా చెప్పావమ్మాయ్. మా పాస్టరు గారు కూడా ఇంత గుక్క తిప్పుకోకుండా చెప్పలేరు. వస్తా మరి.”

వాదన వదిలేసి ఒక్క ప్రశ్న అడిగాను. “మీ ముఠాలో ఎవరికైనా ఇలాంటి పుండు ఉంటే ఏం చేస్తారండీ?”

“చేసేదేముంది, జుట్టు పట్టుకుని నీ దగ్గరికి ఈడ్చుకొస్తా!”

అన్న మాట తనకే వినబడినట్టు ఆగి, పకపకా నవ్వారు. “నా మాటతో నన్నే కట్టేశావే, గడుసుదానా!”

మర్నాడే గుంటూరు వెళ్ళారు. స్క్వేమస్ సెల్ కార్సినోమా అని తేలింది. అది చర్మం పైపొరలో పుట్టే క్యాన్సర్. ఇంకా లోతుకు పోలేదు. చుట్టూ ఉన్న కొంత మంచి చర్మంతో సహా పుండును సర్జన్ కోసి తీసేశారు. కోసిన అంచుల్లో క్యాన్సర్ మిగల్లేదని, గజ్జల్లోని గ్రంథులకు పాకలేదని రిపోర్టు వచ్చినప్పుడు మా కేంద్రంలో అందరం మిఠాయి తిన్నాం. ముఠా కూడా చీలలేదు. మంచం మీద నుంచే ఫోనులో ఆమె పెట్టిన కేకలకు వార్డు నర్సులు ఫోను లాక్కున్నారట.

గాయం మానాక, భుజాలకు తగిలించుకునే పత్తి సంచిని పాత చీరతో కుట్టించుకున్నారు. లంగాకు సన్నటి బొందు బదులు వెడల్పాటి గుడ్డపట్టీ వేయించారు.

“ఏంటి మేస్త్రీ, బడికెళ్తున్నావా?” అని ముఠా ఆడవాళ్ళు నవ్వారు.

“నవ్వండే. నవ్వుకుంటూ బొందులు వదులు చేసుకోండి!”

ఒక ఉదయం వాళ్ళందరినీ మా కేంద్రానికి తోలుకొచ్చారు. ఎవరికీ పుండు లేదు. చర్మం నల్లబడినవాళ్ళకు బొందు కట్టే చోటు మార్చుకుంటూ ఉండమని, మానని పుండు కనిపిస్తే వెంటనే రమ్మని చెప్పాను.

జబ్బును ఆపాలంటే ముందు ఆ మనిషి చేసే పనేమిటో అడగాలని ఈ కేసు నాకు నేర్పింది. ఆ ప్రశ్న తోటి పనివాళ్ళ నోటి నుంచి వస్తేనే ఎక్కువ దూరం పోతుందని కూడా నేర్పింది. ఇప్పుడు ముఠాలో కొత్తగా చేరిన ఏ స్త్రీకైనా కూలి మాటకన్నా ముందు వినిపించేది ఎస్తేరమ్మ గారి కేకే: “బొందు ఎక్కడ కట్టావే? ఏదీ, చూపించు!”