ఎర్ర గీతకి అవతల

మొన్న ఏలూరులో ఫొటోల దుకాణానికి వెళితే, కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి "ఎక్కడిదాకా ఉంచమంటారండీ?" అని అడిగింది. తాడేపల్లిగూడెంలో నలభై ఏళ్లు స్టూడియో నడిపి, ఫొటోలో ఏది ఉండాలో ఏది పోవాలో ఊరందరికీ చెప్పినవాణ్ణి, మా ఆవిడ ఫొటో దగ్గరకి వచ్చేసరికి నీళ్లు నమిలాను.

ఆవిడ పోయి పద్దెనిమిదేళ్లయింది. పిల్లలు లేరు. గోడకి పెట్టుకుందామంటే ఒక్క మంచి ఫొటో లేదంటే మీరు నమ్మరు. పెళ్లినాటి దాంట్లో తల వంచుకునే ఉంది, రేషన్ కార్డు మీది ముఖం ఆవిడదంటే నేనే ఒప్పుకోను. ఈమధ్య వట్లూరులో అద్దె ఇంటికి మారుతూ, ఆవిడ చీరల బీరువా అరలో పరిచిన పాత పేపరు తీస్తే, దాని కింద దొరికింది ఈ ఫొటో.

నాకు పని నేర్పింది మా పెదనాన్న. నల్ల అట్టతో కత్తిరించిన రెండు ముక్కలు, వడ్రంగి మూలమట్టం ఆకారంలో ఉండేవి, ఆయన జేబులోనే ఉండేవి. ఫొటో మీద వాటిని ఎదురెదురుగా పెట్టి, దగ్గరికీ దూరానికీ జరుపుతూ ఊపిరి బిగబట్టి చూసి, కుదిరిందనుకున్నచోట ఎర్ర పెన్సిలుతో గీత గీసేవారు. గీత లోపలిది ఫొటో, బయటిది చెత్త అనేవారు. మన ఈడువాళ్లకి పెద్దల మాటంటే వేదం కదా, నేనూ అదే పట్టుకున్నాను.

మా ఆవిడ కాపురానికొచ్చిన కొత్తల్లోనే నాతో బయటి పనులకి రావడం మొదలుపెట్టింది. ముఖాల మీద నీడ పడకుండా తెల్లటి థర్మకోల్ అట్ట పట్టుకుని ఓ పక్కన నిలబడేది. మిట్టమధ్యాహ్నపు ఎండలో చేతులు పీకుతున్నా ఎప్పుడూ అడిగేది ఒకటే, "ఏవండీ, నేను పడుతున్నానేమో చూసుకోండి" అని. "పడితే కత్తిరిస్తాలే" అనేవాణ్ణి. అలాగే కత్తిరించాను కూడా. మోచెయ్యి, కొంగు, ఒక్కోసారి సగం ముఖం, అన్నీ బల్ల కింద బుట్టలోకి పోయేవి. పొద్దున్నే ఆ బుట్ట పారబోసేదీ ఆవిడే.

ఈ ఫొటో కొల్లేటి లంకల్లో ఒక రైతు కుటుంబానిది. కూతురి పెళ్లికి ముందు అందరూ కలిసి తీయించుకున్నారు. గట్టు మీద కుర్చీలు, వెనక దోనె, నీళ్ల మీద ఎండ, పదమూడు మంది మనుషులు, కుడి అంచున అట్టతో మా ఆవిడ. ఆవిడకీ వాళ్లకీ మధ్య నేను గీసిన ఎర్ర గీత. కత్తిరించిన మంచి ప్రతి వాళ్లకిచ్చి, గీత గీసి చూసుకున్న ఈ నమూనా ప్రతిని బుట్టలో పడేశాను. ఆవిడ దాన్ని ఏరి దాచుకుందన్నమాట. నోరు తెరిచి అడిగుంటే తనకీ ఓ ఫొటో తీసేవాణ్ణి కాదా అనుకున్నాను ముందు. అడగాల్సింది ఆవిడ కాదని తర్వాత తట్టి సిగ్గేసింది.

దుకాణంలో అమ్మాయి మొదట మా ఆవిడ ఒక్కదాన్నే ఉంచి చూపించింది. ముఖం మసకమసగ్గా ఉంది, పైగా చూపు ఎటో ఉంది. "పక్కకి చూస్తున్నారండీ, అంత బాగోదేమో" అంది. మళ్లీ మొత్తం చూపించమన్నాను. పదమూడు మందీ కెమెరాలోకి చూస్తున్నారు. ఆవిడ చూపు మాత్రం కెమెరాకి మూరెడు పక్కన ఉంది. స్టాండు పక్కన, ఫొటో తీసే మీట తీగ చేత్తో పట్టుకుని నేను నిలబడే చోటది. అన్నేళ్లూ నేను చూసింది అంచుల్నే. పరాయి దుకాణమని కూడా చూడకుండా కళ్లు తుడుచుకున్నాను.

మొత్తం ఉంచమన్నాను, ఎర్ర గీతతో సహా.

ఇప్పుడు ఫోనులో వేలితో జరిపితే మనిషి పోతాడు, మళ్లీ జరిపితే తిరిగొస్తాడు. మన కాలంలో కత్తెర పడితే పడినట్టే. ఫొటో కట్టించి ముందుగదిలో పెట్టుకున్నాను. ఇంటికి వచ్చేవాళ్లే తక్కువ. వచ్చిన ఒకరిద్దరూ, వీళ్లంతా మీవాళ్లాండీ అని అడుగుతారు. కాదండీ, గీతకి అవతల నిలబడ్డ ఆవిడ ఒక్కతే మా మనిషి అని చెబుతాను.